గుండీలావిడ జత కలిపిన బిళ్ళ

గుండీలావిడకు లోకంలో ఉన్నది ఒకే ఒక్క శత్రువు. ఆ శత్రువు ఆవిడ సొంత తమ్ముడు. ఈ సంగతి ఆవిడ ఎవరి దగ్గరా నోరు విప్పి చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. తమ్ముడి ప్రస్తావన వస్తే చాలు, ఆవిడ మొహం గంటు పెట్టుకునేది. దుకాణంలో పనిచేసేవాళ్ళు అది చూసి అటు తిరిగి నవ్వుకునేవారు.

అది దర్జీ సామాన్ల దుకాణం. దారాలు, జిప్పులు, లేసులు, లైనింగు గుడ్డలు, అన్నిటికంటే ఎక్కువగా గుండీలు. నేల నుంచి పైకప్పు దాకా చిన్న చిన్న సొరుగులు, ప్రతి సొరుగు మొహాన నమూనాకి ఒక గుండీ. కోటుకో చొక్కాకో ఒక గుండీ ఊడి పోగొట్టుకున్నవాళ్ళు, మిగిలినదాన్ని పట్టుకుని ఏడుపు మొహంతో వస్తారు. ఆవిడ దాన్ని అరచేతిలో వేసుకుంటుంది. ముందు మొహం చూస్తుంది, తర్వాత అంచు, తర్వాత వీపు. బొటనవేలితో ఓసారి రుద్దుతుంది. నిచ్చెనెక్కి ఏ మూల సొరుగో లాగి ఇంకో గుండీ తెచ్చి, రెండింటినీ గుప్పిట్లో గిలకరించి, "ఇందులో మీరు తెచ్చిందేదో చెప్పండి చూద్దాం" అంటుంది. వాళ్ళు తెల్లమొహం వేస్తారు. "జత కలిసింది" అంటుంది ఆవిడ, రాజ్యం గెలిచినంత ధీమాగా. అందుకే ఆవిడకా పేరు స్థిరపడిపోయింది.

ఇంటికొస్తే మాత్రం ఆవిడ గుండీలావిడ కాదు, ఒట్టి "పెద్దది". తల్లి అలాగే పిలిచేది. "ఏమే పెద్దదానా, ఆ కిటికీ ఎవరు మూస్తారే?" అని. తమ్ముడేమో "బుజ్జి". నెత్తి మీద జుట్టు పల్చబడి, గడ్డం నెరుస్తున్న మనిషి ఇంకా బుజ్జి ఏమిటో ఆ తల్లికే తెలియాలి. చిన్నప్పుడు ఇద్దరికీ ఒకేసారి జ్వరం వస్తే, తల్లి పని నుంచి రాగానే ముందు వాడి నుదురు తాకి చూసేది. తర్వాత పెద్దదాని నుదురూ తాకేదనుకోండి. కానీ ఆ "తర్వాత" అనే మాట ఆవిడ గుండెల్లో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. పెళ్ళి మాట ఇంట్లో ఎవరూ గట్టిగా ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. తల్లీ తానూ రెండు గదుల ఇంట్లో, మూడో అంతస్తులో, అలా రోజులు వెళ్ళదీసుకొచ్చారు.

తల్లి ఒక హోటల్ లాండ్రీలో జీవితమంతా నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేసింది. ఆ నిలబడటానికి మోకాళ్ళు బలైపోయాయి. ఇప్పుడు మంచం దగ్గర్నుంచి స్నానాల గదికి వెళ్ళాలంటే గోడ పట్టుకుని, దారిలో రెండు చోట్ల ఆగి, దేవుణ్ణీ కూతుర్నీ కలిపి తిట్టుకుంటూ వెళ్ళాల్సిందే. డాక్టరు రాసిన మాత్రలు కూతురే తెచ్చేది, కూతురే డబ్బాలో సర్దేది, కూతురే నీళ్ళ గ్లాసుతో అందించేది. ఒక్క పూట తప్పలేదు. తల్లి మింగేది. మింగి, "ఏం మాత్రలో ఏమో, గోడకి సున్నం రాసినట్టుంది" అనేది. ఏళ్ళ తరబడి చేసిన సేవకి ఆవిడకి దక్కిన మెప్పు అంతే.

ఇక తమ్ముడి కథ. అతను గచ్చు పలకల గోదాములో బరువులు మోసేవాడు. ఓ రోజు వీపు పట్టేసింది. డాక్టరు గట్టి నొప్పి మాత్రలు రాశాడు. కొన్నాళ్ళకి డాక్టరు ఆపేశాడు గానీ ఒళ్ళు ఆపనివ్వలేదు. అప్పుడు బస్టాండు వెనక మొబైల్ కవర్లు అమ్మేవాడి దగ్గర డాక్టరు చీటీ అక్కర్లేని బజారు బిళ్ళలు కొనడం మొదలైంది. ఆ తర్వాత ఉద్యోగం పోయింది, కాపురం పోయింది, మనిషే కనబడకుండా పోయాడు. మళ్ళీ ఈమధ్యే తేలాడు, బక్కచిక్కి, తలొంచుకుని. రోజూ పొద్దున్నే ఆ బిళ్ళల అలవాటు మాన్పించే ఒక క్లినిక్కుకి వెళ్ళి, వాళ్ళ ఎదుటే మందు తాగి వచ్చేవాడు. జేబులో ఎప్పుడూ తెల్లటి ప్లాస్టిక్ గొట్టాల్లాంటివి రెండు ఉండేవి, ముక్కులోకి కొట్టుకునేవి. జలుబు మందు కాబోలని ఆవిడ అనుకుంది. అడిగితే కదా తెలిసేది? ఆవిడ అడగదు.

ఇన్ని చేసొచ్చిన కొడుకుని తల్లి గుమ్మంలోనే కావలించుకుని భోరుమంది. "నా బుజ్జిగాడు వచ్చాడే పెద్దదానా! చూడవే ఎంత చిక్కిపోయాడో!" ఆవిడ చూసింది. కడుపు భగ్గున మండింది. ఇన్నాళ్ళూ కంటికి రెప్పలా కాచుకున్నది ఎవరు? చిక్కిపోవడమే గొప్పయితే, ఈ మెట్లెక్కి దిగి తానూ చిక్కిపోయింది కదా! ఆ మాట ఎవరన్నా అన్నారా?

ఓ రోజు దుకాణంలో కొత్త సరుకు వచ్చి ఆవిడ ఆలస్యంగా ఇల్లు చేరింది. తల్లి అప్పటికే నిద్రపోతోంది. మర్నాడు పొద్దున తల్లి మంచం మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, ఎప్పుడూ లేనంత హుషారుగా ఉంది.

"నిన్న బుజ్జిగాడు మాత్ర ఇచ్చాడే. అబ్బ, ఏం మాత్రే అది! ఇట్టే లాగేసింది నొప్పి. ఎన్నాళ్ళకి నిద్రపోయానో!"

"ఏం మాత్ర?" అంది ఆవిడ.

"నాకేం తెలుసే? వాడిచ్చాడు, నేను మింగాను. వాడి చేతిలో ఏదో ఉంది."

ఆ రోజు నుంచి ఇంట్లో ఇదే పాట. పక్కింటావిడ వస్తే బుజ్జిగాడి మాత్ర. మెట్ల దగ్గర పాలవాడు కనబడితే బుజ్జిగాడి మాత్ర. కూతురు గ్లాసుతో మాత్ర అందించగానే తల్లి దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని, "ఇది కాదే, వాడిచ్చింది" అని నిట్టూర్చేది. ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కేది. తమ్ముణ్ణి అడిగితే పోయేదానికి, అడిగితే చిన్నతనమని బిగుసుకు కూర్చుంది.

అప్పుడు చొక్కా వచ్చి పడింది. తమ్ముడి చొక్కాకి గుండీ ఊడిపోతే తల్లి దాన్ని కూతురి ఒళ్ళో పడేసి, "కాస్త కుట్టి పెట్టవే, పిచ్చి సన్నాసి, చలిలో తిరుగుతున్నాడు" అంది. ఆవిడ మూతి ముడుచుకునే కుట్టింది. కుడుతుంటే జేబులో చేతికి ఏదో తగిలింది. కాగితంలో చుట్టిన బిళ్ళ. లేత నీలం, గుండ్రంగా, ఒకవైపు అడ్డగీత, రెండోవైపు అంకె అచ్చు. ఆవిడ దాన్ని అరచేతిలో వేసుకుంది. మొహం, అంచు, వీపు. అలవాటు ప్రాణం కదా.

ఇంకొకరైతే భయపడేవారు. ఈ బిళ్ళలే కదా వీణ్ణి ఈ గతికి తెచ్చాయి అని గుండెలు బాదుకునేవారు. మనావిడ భయపడలేదు, కుళ్ళుకుంది. 'ఓహో, ఇదన్నమాట సంగతి! తను వాడుకునే ఘాటైన సరుకు అమ్మకిచ్చి పేరు కొట్టేశాడు. నేనేమో పిచ్చిదాన్నై సున్నం బిళ్ళలు మింగిస్తున్నాను.' బిళ్ళలు చెడ్డవని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. తమ్ముడే చెడ్డవాడు, నిగ్రహం లేనివాడు, ఎక్కువెక్కువ మింగి చెడిపోయాడు. తనలాంటి పద్ధతైన మనిషి చేతుల మీదుగా, రోజుకి ఒకటి చొప్పున ఇస్తే ఏమవుతుంది?

సాయంత్రం తమ్ముడు చొక్కా తొడుక్కుంటూ జేబు తడుముకున్నాడు. మళ్ళీ తడుముకున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, ఇందులో ఏమన్నా ఉందా?"

"ఏముంటుంది? ఏమీ లేదు" అంది ఆవిడ, సూదికి దారం ఎక్కిస్తూ.

అతను మంచం కింద చూశాడు, గుమ్మం దగ్గర చూశాడు, మెట్ల దాకా వెళ్ళి వచ్చాడు. ఏం పోయిందో మాత్రం చెప్పలేదు. వెతుకుతున్న వాణ్ణి చూస్తుంటే ఆవిడకు పండగలా ఉంది. ఒక్కసారైనా వాడి చేతిలోంచి ఒకటి జారిపోయింది కదా.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ బిళ్ళను చేతిరుమాలు కొసన ముడేసుకుని మందుల షాపుకి వెళ్ళింది. గుండీకి నమూనా పట్టుకెళ్ళినట్టే పట్టుకెళ్ళింది.

"ఇలాంటివి ఉన్నాయా?"

షాపతను కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "ఇది మీకెక్కడిదమ్మా? చీటీ లేకుండా ఎవరూ ఇవ్వరు. చీటీ ఉన్నా అట్టలో వస్తాయి, ఇలా విడిగా తిరగవు. ఇది ఎవడో ఇంట్లో అచ్చొత్తిన సరుకులా ఉంది. పారెయ్యండి, చేతులు కడుక్కోండి."

"చూడటానికి కంపెనీదిలాగే ఉంది కదండీ?"

"అలా కనబడాలనే కదమ్మా చేస్తారు."

ఆవిడ మొహం మాడ్చుకుని మెట్లు దిగింది. లేదంటే లేదనాలి గానీ ఇన్ని నీతులెందుకు? పెద్ద దుకాణాలవాళ్ళూ అంతే, తమ దగ్గర లేని గుండీ ఇక లోకంలోనే లేదంటారు. తను ఎన్నిసార్లు చూడలేదూ!

ఇక మిగిలింది బస్టాండు వెనక మొబైల్ కవర్లవాడే. వాడు కుర్చీలో కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నాడు. ఆవిడ పమిట సర్దుకుని, అటూ ఇటూ చూసి, రుమాలు ముడి విప్పింది. వాడు బిళ్ళని చూడలేదు, ముందు ఆవిణ్ణి చూశాడు.

"ఎవరికక్కా?"

"మా అమ్మకి. మోకాళ్ళ నొప్పులు."

వాడికి నవ్వొచ్చినట్టుంది. రంగురంగుల కవర్ల వెనక చెయ్యి పెట్టి ఒక చిన్న పొట్లం తీశాడు. "సేమ్ సరుకక్కా. కళ్ళు మూసుకుని తీసుకెళ్ళు."

కళ్ళు మూసుకోవడం ఆవిడ ఇంటావంటా లేదు. అక్కడే నిలబడి పొట్లంలో బిళ్ళలు ఒక్కొక్కటే తన నమూనా పక్కన పెట్టి చూసింది. అదే నీలం. అదే అంచు. అదే అడ్డగీత, అదే అంకె. బొటనవేలితో రుద్దితే అదే నునుపు. ఇరవై రకాల తెల్లగుండీల్లో తేడా పట్టగల కన్ను అది, వీటిలో వెంట్రుకవాసి తేడా పట్టలేకపోయింది. "జత కలిసింది" అనుకుని, ఆవిడ పొట్లాన్ని చేతిసంచీలో పెట్టుకుని నిశ్చింతగా ఇంటికొచ్చింది. గుండీకి లోపల అంటూ ఏమీ ఉండదు, పైన కనబడేదే గుండీ. ఆవిడ బతుకంతా చేసిన పని అది. కంటికి జత కలిశాక ఇక అనుమానించాల్సింది ఏముంటుందని ఆవిడ ఉద్దేశం.

ఆ సాయంత్రమే తల్లికి ఒకటి ఇచ్చింది. డబ్బాలోంచి కాదు, తన చేతిలోంచి, కాస్త ఆర్భాటంగా. తల్లి మింగి, కాసేపటికే తల వాల్చేసింది. పొద్దున లేచి, కాళ్ళు చాపి చూసుకుని, మొహమంతా నవ్వు చేసుకుంది.

"ఏం ఇచ్చావే పెద్దదానా? నొప్పి ఊసే లేదు!"

ఆవిడ గుండె ఉప్పొంగింది. ఇన్నాళ్ళకి! నోరు తెరిచి "నేనే తెచ్చానమ్మా" అనబోయింది. తల్లి ఆగితే కదా.

"బుజ్జిగాడు చెప్పాడు కదూ, ఫలానా మాత్ర తెమ్మని? నాకు తెలుసు. వాడికి నేనంటే ప్రాణం."

గుండెలు ఉప్పొంగినంత వేగంగానే చల్లబడ్డాయి. పుండు మీద కారం చల్లినట్టయింది. "వాడెవడు చెప్పడానికి? నేనే వెతికి తెచ్చాను!" అని అరిచింది. తల్లి "సర్లేవే, దానికింత అరుపెందుకు" అని అటు తిరిగింది. నమ్మలేదన్నమాట. సరే, నమ్మేదాకా ఇస్తాను, వాడు ఇంట్లో లేనప్పుడు ఇస్తాను, అప్పుడు ఎవరి పేరు చెబుతావో చూస్తాను అనుకుంది ఆవిడ.

ఆదివారం మధ్యాహ్నం. తమ్ముడు రొట్టెలు, పాలు తేవడానికి బయటికెళ్ళాడు. ఆవిడ తలుపు దగ్గరకేసి, తల్లికి బిళ్ళ ఇచ్చి, గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"చూడు, వాడు ఇంట్లో లేడు. ఇస్తున్నది నేను."

"ఇచ్చేది ఇవ్వవే, ఈ ఉపన్యాసం ఏమిటి?" అంది తల్లి, గుటుక్కున మింగి.

కాసేపటికే తల్లి కళ్ళు వాలిపోయాయి. ఇంకాసేపటికి గురక మొదలైంది. గట్టి గురక, గొంతులో నీళ్ళు ఆడుతున్నట్టు, ఆగి ఆగి. ఆవిడ కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుని బట్టలు మడతపెడుతూ ఆ గురకని వింటోంది. ఎంత హాయిగా పడుకుంది! ఈసారి పేరు ఎవరిదో వాడి ఎదుటే అనిపిస్తానని, తమ్ముడు ఎప్పుడొస్తాడా అని ఎదురుచూసింది కూడా.

తమ్ముడు తలుపు తోసుకుని వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. గురక విన్నాడు. చేతిలో పాల సీసా కిందపడి భళ్ళుమంది.

"అమ్మ ఏం వేసుకుంది?"

"ష్! నిద్రపోతోంది. లేపకు!"

అతను వినలేదు. మంచం దగ్గరికి దూకి తల్లి భుజం పట్టి కుదిపాడు. ఆవిడ అతని చెయ్యి పట్టి లాగింది. ఇది వినడానికే అసహ్యంగా ఉంటుంది గానీ జరిగింది జరిగినట్టే చెప్పాలి: వీడు లేపేసి నా మంచి పేరు పాడుచేస్తున్నాడనే ఆ క్షణంలో ఆవిడ అనుకుంది. చెయ్యి పట్టి లాగింది కూడా అందుకే.

"అది గురక కాదక్కా! ఊపిరి అందట్లేదు! పెదాలు చూడు!"

అప్పుడు చూసింది ఆవిడ. పెదాలు నీలం. గోళ్ళు నీలం. ఇంతసేపూ పక్కనే కూర్చుని ఉంది, అదెలా కనబడలేదో! గుండీల్లో గీతంత తేడా పట్టే కళ్ళు ఏమైపోయాయో! తమ్ముడు పిడికిలి కణుపులతో స్పృహ వస్తుందేమోనని తల్లి రొమ్ము ఎముక మీద గట్టిగా రుద్దుతున్నాడు. తల్లి కదలడం లేదు. గురక కూడా ఆగిపోయింది.

"అంబులెన్సుకి ఫోన్ చెయ్యి! ఊపిరి తీసుకోవట్లేదని చెప్పు!"

ఆవిడ ఫోను అందుకుంది. తమ్ముడన్న మాటే అన్నది అన్నట్టు చెప్పింది. వెనక తమ్ముడు తల్లి తల వెనక్కి వాల్చి, జేబులోంచి ఆ తెల్లటి గొట్టాల్లో ఒకటి తీసి, ఒక ముక్కు రంధ్రంలో పెట్టి నొక్కాడు. జలుబు మందు కాదన్నమాట. తర్వాత ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదాడు. ఊది, ఆగి, రొమ్ము లేస్తోందా అని చూసి, మళ్ళీ ఊదాడు. ఆ కాసేపు ఆవిడకు ఒక యుగంలా గడిచింది. మార్పు లేదు. అతను రెండో గొట్టం తీసి రెండో రంధ్రంలో కొట్టాడు. మళ్ళీ ఊదాడు. చెమట గడ్డం మీదుగా కారి తల్లి మెడ మీద పడుతోంది.

తల్లి ఒక్కసారిగా గట్టిగా ఊపిరి పీల్చింది. దగ్గింది. ఆవిడ నేల మీద కూలబడి, పాలలో, గాజుపెంకుల మధ్య, చిన్నపిల్లలా ఏడ్చింది.

అంబులెన్సువాళ్ళు వచ్చి స్ట్రెచరు ఎత్తుతూ అడిగారు. "ఏం తీసుకున్నారు?"

 తమ్ముడు ఒకసారి అక్క మొహం చూశాడు.

"బజారు బిళ్ళ. నాది. నేనే ఇచ్చాను" అన్నాడు.

ఆవిడ కిమ్మనలేదు.

ఆసుపత్రి వరండాలో ఇనప కుర్చీలు. లోపల తల్లికి పరీక్షలు చేస్తున్నారు. ముక్కులో కొట్టిన విరుగుడు మందు ప్రభావం కాసేపటికి తగ్గిపోతుందట, బిళ్ళ ప్రభావం ఇంకా ఉంటుందట, అందుకని మళ్ళీ ఊపిరి ఆగకుండా కనిపెట్టుకుని ఉండాలట. తమ్ముడు నేల చూస్తూ అడిగాడు.

"నా చొక్కా జేబులోదేనా?"

"కాదు" అంది ఆవిడ.  "దాని జత. అచ్చం అదే. నేను కలిపి చూశాను, పిసరంత తేడా లేదు. మొన్న ఒకటి ఇస్తే ఏమీ కాలేదు కూడా."

అతను తల పట్టుకున్నాడు. "ఇవి గుండీలు కావక్కా. ఎవడో ఏ గదిలోనో తొట్టిలో పొడి కలిపి అచ్చొత్తుతాడు. అందులో ఫెంటానిల్ అని ఘోరమైన మత్తుమందు వేస్తారు. ఇసుక రేణువంత ఎక్కువ పడితే చాలు, మనిషి లేవడు. ఒక బిళ్ళలో అసలుండదు, పక్క బిళ్ళలో ఇద్దరు చచ్చేంత ఉంటుంది. ఎందులో ఎంత పడిందో కలిపినవాడికే తెలీదు." కాస్త ఆగాడు. "గోదాములో నాతో పనిచేసేవాడు గుర్తున్నాడా, నీకు గొడుగు తెచ్చిచ్చాడే? వాడూ నేనూ ఒకే పొట్లంలోవి చెరొకటి వేసుకున్నాం. నేను లేచాను. వాడు లేవలేదు. అందుకే ఆ మందు జేబులో పెట్టుకు తిరుగుతున్నాను."

"మరి నీ జేబులో అదెందుకుంది?"

"ఓ రోజు కాళ్ళు అటే లాగాయి. కొన్నాను. మింగలేదు. పారెయ్యనూ లేదు."

ఆవిడకు ఒక్కసారిగా కోపం వచ్చింది. ఏడుపుతో కలిసిన కోపం. "అంత తెలిసినవాడివి అమ్మకెందుకిచ్చావురా మరి? బుజ్జిగాడి మాత్ర, బుజ్జిగాడి మాత్ర అని నా ప్రాణం తీసింది!"

తమ్ముడు తెల్లబోయాడు. "నేనా? నేనిచ్చింది నీ డబ్బాలో మాత్రేనక్కా. అల్మారాలో పెడతావే, ఆ డబ్బా. నా దగ్గరవి అమ్మకిస్తానా?"

"అబద్ధం! అవి మింగితే ఎప్పుడూ తగ్గలేదు!"

"పక్కన కూర్చుని కాళ్ళు పట్టాను. నిద్రపోయేదాకా పట్టాను. అంతే."

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ తను కుళ్ళి చచ్చింది తన మాత్ర మీదేనన్నమాట. ఎవరి చేతి మాత్రని మించాలని బస్టాండు వెనక్కి వెళ్ళిందో, ఆ మాత్ర తను తెచ్చిందే, తను సర్దిందే.

లోపలికి రమ్మన్నారు. తల్లి కళ్ళు తెరిచి ఉంది. మొహం పాలిపోయి, చిన్నదైపోయి, దిండులో మునిగిపోయింది. పక్కన డాక్టరమ్మ నిలబడి ఉంది.

"బిళ్ళ ఇచ్చింది మీరేనని అంబులెన్సువాళ్ళు చెప్పారు" అంది తమ్ముడితో. "ఎక్కడిది? ఇంకా ఉన్నాయా?"

"నాదేనండీ. ఇంకేం లేవు" అన్నాడు అతను.

తల్లి చెయ్యి దుప్పటిలోంచి బయటికొచ్చింది. "వాణ్ణేమీ అనకండి డాక్టరమ్మా. నా నొప్పి చూడలేక ఇచ్చుంటాడు. వాడికి నేనంటే ప్రాణం. ఇలా రా నాన్నా, బుజ్జీ."

ఇదీ ఆవిడ భరించలేకపోయింది. ఇచ్చింది తను. తల్లి చావబోయింది తన చేతిలో. ఆ నేరం కూడా వాడిదే, దానికి క్షమాపణా వాడికే, పైగా ఆ ప్రేమా వాడికే! నిజాయితీ పొంగుకొచ్చి మాట్లాడిందని ఎవరైనా అంటే నమ్మకండి. ఒళ్ళు మండి మాట్లాడింది.

"వాడు కాదు! నేనిచ్చాను! నేను!"

గదిలో అందరూ ఆవిడ వైపు తిరిగారు. తల్లి కాసేపు చూసింది. తర్వాత ఆ పాలిపోయిన మొహం మీద మెల్లగా నవ్వు వచ్చింది.

"చూశారా డాక్టరమ్మా. తమ్ముడి మీద ఈగ వాలనివ్వదు. నేరం తన నెత్తిన వేసుకుంటోంది." కూతురి చెంప తడిమింది. "నా పెద్దది బంగారం. నేనే ఎప్పుడూ చెప్పలేదు."

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆవిడ వినాలనుకున్న మాట అది. చెంప మీద తల్లి అరచేయి గరగరలాడుతూ వెచ్చగా ఉంది. తమ్ముడు ఏమీ అనడం లేదు, అనడు కూడా. నోరు మూసుకుంటే చాలు, ఈ మాట తనదైపోతుంది. ఆవిడ కళ్ళు మూసుకుని ఆ అరచేతికి చెంప ఆనించింది.

"ఇంకా ఉంటే చెప్పండమ్మా" అంది డాక్టరమ్మ, ఈసారి ఆవిడతో. "దాంట్లో ఏముందో పరీక్ష చేయించాలి. ఇదే సరుకు ఊళ్ళో ఇంకెంతమంది ఇళ్ళలో ఉందో."

ఆవిడ చెంప మీంచి తల్లి చేతిని తనే తీసి దుప్పటి మీద పెట్టింది. చేతిసంచీ తెరిచింది. పొట్లం తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

"బస్టాండు వెనక మొబైల్ కవర్లు అమ్మేవాడి దగ్గర కొన్నాను. నేనే వెళ్ళి కొన్నాను. మా తమ్ముడికేమీ తెలీదు."

తల్లి ఆ పొట్లం వైపు చూసింది, కూతురి వైపు చూసింది. నవ్వు ఎక్కడిదక్కడే ఆరిపోయింది.

"నువ్వా? ఎందుకే?"

"నువ్వు వాడి మాత్ర, వాడి మాత్ర అన్నావుగా. నా మాత్ర అనిపించుకుందామని."

తల్లి మొహం తిప్పుకుంది. చాలాసేపు కిటికీ వైపే చూసింది. కళ్ళ కొసల్నుంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నా తుడుచుకోలేదు. కూతురు మంచం పక్కనే నిలబడిపోయింది, పొమ్మంటారేమో అన్నట్టు.

కాసేపటికి తల్లి మొహం చిట్లించి మూలిగింది. "మోకాళ్ళు పీకేస్తున్నాయే. కుడిది మరీ. ఏదన్నా ఒక మాత్ర పడెయ్యండర్రా."

ఆవిడ చెయ్యి అలవాటు కొద్దీ సంచీలోకి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇవాళ ఇక మాత్రలేవీ ఇవ్వకూడదు. రేపు చూద్దాం."

తమ్ముడు మంచం కాళ్ళవైపుకి వెళ్ళాడు. కుడివైపు కూర్చుని, దుప్పటి తొలగించి, తల్లి పాదం తన ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆవిడ అది చూసింది. ముక్కు చీదింది. చీర కొంగు బొడ్డులో దోపుకుంది. వెళ్ళి తమ్ముడి భుజం పట్టి నెట్టింది.

"జరగరా అటు. నువ్వు ఎడమకాలు చూసుకో. ఎక్కువ నొప్పి కుడిదాంట్లో అంటోంది, అది నాది."